అమ్మ కీళ్ల నొప్పులకు వావిలాకు, నల్లేరు, గుగ్గులు, పొడి పొట్లాలు... ఏది ఉంచాలి, ఏది మానిపించాలి?

తణుకు_అమ్మాయి
మా అమ్మకి 58 ఏళ్లు. కొన్ని నెలలుగా రెండు చేతుల వేళ్లూ, మణికట్లూ వాచిపోయి ఒకటే నొప్పి. మోకాళ్ల నొప్పులు అంతకుముందు నుంచే ఉన్నాయి. పొద్దున్నే పిడికిలి ముడుచుకోదు, టీ గ్లాసు రెండు అరచేతులతో పట్టుకుని తాగుతోంది. ఎండ బాగా ఎక్కాక కాస్త కదులుతాయి. మాది తణుకు దగ్గర పల్లె, నేను ఉండేది హైదరాబాద్. ఊళ్లో తలా ఒక మందు చెప్తున్నారు. పక్కింటి పిన్ని వావిలాకు కాపడం పెట్టమంది. మేనత్త నల్లేరు పచ్చడి పంపుతోంది. మావయ్య గుగ్గులు మాత్రలు తెచ్చాడు. వాట్సాప్‌లో పారిజాతం ఆకు కషాయం తిరుగుతోంది. ఇవి చాలవన్నట్టు ఎవరో ఒకాయన ఇచ్చే పొడి పొట్లాలు తెప్పించుకుని నెల దాటి వేసుకుంటోందని నాకు నిన్ననే తెలిసింది. ఇంగ్లిష్ మందులు వేడి చేస్తాయని ముట్టుకోదు. డాక్టర్‌కి ఎలాగూ చూపిస్తాం, ఆ ఒక్క ముక్క చెప్పి వదిలేయకండి. ఇప్పుడు చేస్తున్నవాటిలో ఏవి కొనసాగించవచ్చు, ఏవి ఆపాలి? వాడినవాళ్లు చెప్పండి.

బెజవాడ_బాబాయ్
వావిలాకు విషయంలో అనుమానమే అక్కర్లేదమ్మా. మా ఇంట్లో బాలింతలకి వావిలాకు నీళ్ల స్నానం మా నాయనమ్మ కాలం నుంచీ ఉంది. నాకు మోకాళ్లు పట్టేస్తే ఇప్పటికీ అదే. పెనం మీద కాస్త ఆముదం వేసి గుప్పెడు ఆకు వాడ్చి, పాత నూలు గుడ్డలో మూటకట్టి కాపడం. మూట ముందు నీ ముంజేతికి ఆనించి చూసుకో. పెద్దవాళ్ల చర్మం పల్చగా ఉంటుంది, తొందరగా బొబ్బలెక్కుతుంది. షుగర్ ఉన్నవాళ్లకి పాదాల దగ్గర కాలినా తెలియదు.

ఫిజియో_లత
ఆకుల జాబితా పెరగకముందే నాలుగు విషయాలు అడగాలి. పొద్దున బిగుసుకుపోవడం గంట దాటి ఉంటోందా? రెండు చేతులకీ ఒకేలా ఉందా? గోళ్ల దగ్గర కణుపులా, పిడికిలి బిగిస్తే పైకి లేచే కణుపులా? తాకితే మెత్తగా ఉబ్బి, వేడిగా ఉంటున్నాయా?

తణుకు_అమ్మాయి
గంట పైనే. రెండు చేతులకీ. పిడికిలి బిగిస్తే పైకి లేచేవీ, వేళ్ల మధ్య కణుపులూ. ఉంగరం సబ్బునీళ్లు పెట్టి తీయాల్సి వచ్చింది. వేడిగా ఉన్నాయని అమ్మే అంటోంది.

ఫిజియో_లత
అయితే ఇది వయసుతో వచ్చే అరుగుదల ఒక్కటే కాకపోవచ్చు. అరుగుదలలో కూడా పొద్దున పట్టేస్తుంది కానీ సాధారణంగా అరగంటలోపే వదిలేస్తుంది, నడిచేకొద్దీ నొప్పి పెరుగుతుంది. నువ్వు చెప్పినవి రుమటాయిడ్ ఆర్థరైటిస్ లక్షణాల్లా ఉన్నాయి. అందులో ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ల పొర మీద దాడి చేస్తుంది. మొదటి నెలల్లోనే ఎముక అంచులు తినేయడం మొదలుకావచ్చు, ఆ నష్టం తర్వాత ఏ మందుతోనూ వెనక్కి రాదు. అందుకే తొందరపెడుతున్నాను. ఒంట్లో వాపు ఎంతుందో చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ, రుమటాయిడ్‌ని గుర్తించడానికి ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్త పరీక్షలు రాస్తారు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని ఇంటికి వచ్చేయకండి. ఇలాంటి కీళ్ల జబ్బులు చూసే రుమటాలజిస్ట్‌కే చూపించండి. హైదరాబాద్‌లో నిమ్స్‌లో ఆ విభాగం ఉంది.

సిక్కోలు_సీను
వేలు నొప్పన్నా టెస్టులేనా అక్కా? మా తాత జీవితాంతం కీళ్లకి జిల్లేడాకు కట్టుకున్నాడు, ముసలితనంలో కూడా పొలం గట్ల మీద నడిచాడు. పల్లెల్లో అందరూ ఇలాగే బతికారు.

కడప_కారం
@సిక్కోలు_సీను మీ తాతగారు నడిచారు, సంతోషం. మా నాయనమ్మ వేళ్లన్నీ ఒక పక్కకు వంగిపోయి చివరి రోజుల్లో జడ వేసుకోలేక, అన్నం కలుపుకోలేక ఉండె. పల్లెలో ఆమె లాంటోళ్లు బయటికి రారు కాబట్టి మనకు కనపడరు అంతే.

మందులషాపు_మూర్తి
నాకు భయంగా ఉన్నది ఆకుల గురించి కాదు, ఆ పొడి గురించి. అమ్మాయ్, పొట్లం మీద తయారుచేసినవాళ్ల పేరు, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, లోపల ఏం కలిపారో ఏమైనా రాసి ఉందా? పొడి మొదలుపెట్టాక ఎంత తొందరగా తగ్గింది? ఆకలి పెరిగిందా? మొహం ఏమైనా మారిందా?

తణుకు_అమ్మాయి
ఏమీ రాసి లేదు మూర్తి గారూ. న్యూస్‌పేపర్ ముక్కలో మడిచి ఇస్తారట. రెండో రోజుకే లేచి పిండి రుబ్బేసిందని నాన్న సంబరపడ్డారు. ఆకలి బాగా వేస్తోందట. మొహం... నిన్న వీడియో కాల్‌లో బుగ్గలు నిండుగా కనిపించాయి. 'ఒళ్లు చేసింది, కళ వచ్చింది' అని ఊళ్లో అంటున్నారట. పొట్లం వేయని పూట మళ్లీ మంచం మీదే.

మందులషాపు_మూర్తి
సరిగ్గా ఇందుకే అడిగాను. ఏ మూలికా రెండు రోజుల్లో అలా లేపి కూర్చోబెట్టదు. మూలికల పేరుతో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలిపి ఇచ్చేవాళ్లు ఉన్నారు. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అనేవి చాలా చవక. రెండో రోజుకే మాయం చేసినట్టు తగ్గడం, విపరీతమైన ఆకలి, గుండ్రంగా ఉబ్బిన మొహం, మానేస్తే మంచాన పడటం, ఈ నాలుగూ కలిసి కనిపిస్తే ముందు అదే అనుమానించాలి. బయట నుంచి స్టెరాయిడ్ రోజూ వెళ్తుంటే ఒళ్లు తనది తాను తయారు చేసుకోవడం తగ్గించేస్తుంది. అందుకని ఇవాళే ఒక్కసారిగా ఆపేయకండి, బీపీ పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు. అలాగని కొత్త పొట్లాలూ కొనకండి. మిగిలిన పొట్లాలు పట్టుకుని రేపే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మెల్లగా ఎలా తగ్గించాలో ఆయన చూస్తారు. షుగర్, బీపీ కూడా చూడమనండి.

కడప_కారం
మూర్తి గారు చెప్పింది మా ఇంట్లో జరిగింది. 2006లో చికున్‌గున్యా మా జిల్లాలో ఇల్లిల్లూ తిరిగింది కదా. జ్వరం వారంలో పోయింది కానీ మా నాయనకు చీలమండలు, మణికట్లు నెలల తరబడి వదల్లేదు. చెంబు ఎత్తలేకపోయేవాడు. అప్పుడు ఊరూరా పొడులు అమ్మేవాళ్లు దిగినారు. మా నాయన కూడా వాడినాడు. బాగా నడిచినాడు. తర్వాత షుగర్ బయటపడింది, చేతుల మీద కొద్దిగా తగిలినా నల్లగా కమిలిపోయేది, చివరికి తుంటి ఎముక దెబ్బతింది. చికున్‌గున్యా నొప్పులు చాలామందికి కాలం గడిచేకొద్దీ వాటంతటవే తగ్గినాయి, ఆ పొడి తినకుండా ఉండింటే ఆయనకీ తగ్గేవేమో. ఎవరిచ్చారో పేరు చెప్పి లాభం లేదు, ఆ మనిషి మళ్లీ కనపడలేదు.

డాలస్_పద్దు
చదువుతుంటేనే టెన్షన్‌గా ఉంది. మా అత్తగారు ఇక్కడికి వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఇలాంటి పొట్లాలే తెచ్చారు. సాయంత్రం అడుగుతాను.

ఆయుర్వేద_ఓరుగల్లు
నేను బీఏఎంఎస్ (ఆయుర్వేద వైద్య డిగ్రీ) చేసి ప్రాక్టీసు చేస్తున్నాను. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పేపరు ముక్కలో మడిచిన పొడి ఆయుర్వేదం కాదు. దాన్ని చూపించి మా వైద్యాన్ని కొట్టిపారేయొద్దు, మా వైద్యం పేరు చెప్పి దాన్ని సమర్థించనూ వద్దు.

ఫిజియో లత గారు అడిగిన ప్రశ్నలే మా శాస్త్రంలోనూ అడగాలి. కీళ్ల నొప్పి అంతా ఒకటే జబ్బు అని ఆయుర్వేదం ఎప్పుడూ అనలేదు. అరుగుదలని సంధిగత వాతం అంటాం. వాపు, వేడి, పొద్దుటి బిగుతు ఉన్నదాన్ని ఆమవాతం అంటాం, మాధవనిదానంలో దానికి ప్రత్యేకంగా అధ్యాయమే ఉంది. బొటనవేలి దగ్గర రాత్రికి రాత్రి ఎర్రగా వాచేది వాతరక్తం, ఇప్పటివాళ్లు యూరిక్ యాసిడ్ అంటున్నది చాలావరకు దాని కిందకే వస్తుంది. మూడింటికీ మందు వేరు.

అందుకే బాబాయ్ గారి మూటతో నాకు చిన్న పేచీ ఉంది. ఆమవాతంలో వాపు ఉధృతంగా ఉన్నప్పుడు నూనె మర్దన, నూనె కాపడం వద్దంటాం. అప్పుడు చేసేది పొడి కాపడం. శుభ్రమైన ఇసుక వేయించి గుడ్డలో మూటకట్టి పెడతాం. నూనె తర్వాతి సంగతి. వాచిన కీలుని బలంగా పిసకడం మాత్రం ఏ దశలోనూ వద్దు.

బెజవాడ_బాబాయ్
నేను చెప్పింది నా మోకాలికి డాక్టరు గారూ, అరుగుదల కేసు. నాకు ఆముదం లేకపోతే పడదు. కానీ ఆ అమ్మాయి తల్లికి వేళ్లు వాచి వేడిగా ఉన్నాయని నేను రాసేటప్పటికి చెప్పలేదు. వాళ్లకి మీరు చెప్పిందే పెట్టమనండి.

తణుకు_అమ్మాయి
ఓరుగల్లు గారూ, మావయ్య తెచ్చిన గుగ్గులు మాత్రల సంగతి? డబ్బా మీద మహాయోగరాజ గుగ్గులు అని ఉంది. అమ్మ ఇంకా మొదలుపెట్టలేదు.

ఆయుర్వేద_ఓరుగల్లు
మొదలుపెట్టనివ్వకండి. యోగరాజ గుగ్గులు వేరు, మహాయోగరాజ వేరు. మొదటిది ప్రధానంగా మూలికలు, గుగ్గులు బంకతో చేసింది. రెండోదానిలో భస్మాలు కలుస్తాయి. నాగభస్మం అంటే సీసం, వంగభస్మం అంటే తగరం, రససింధూరంలో పాదరసం. శుద్ధి చేశాం అంటారు, నేను చదువుకున్నదీ అదే. అయినా వైద్యుడు చూడకుండా, కిడ్నీ పరీక్ష లేకుండా ఎవరో తెచ్చిన డబ్బా చూసి వేసుకునే మందు కాదు అది. మా దగ్గరికి వచ్చిన రోగికి ఇవ్వాల్సి వచ్చినా నేను చాలా ఆలోచిస్తాను.

అసలు గుగ్గులు చెట్టే అంతరించిపోయే స్థితిలో ఉంది. రాజస్థాన్, గుజరాత్ మెట్టల్లో పెరిగే ముళ్లపొద అది. బంక కోసం విచ్చలవిడిగా గాట్లు పెట్టి చంపేశారు. ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ తన ఎర్ర జాబితాలో అత్యంత ప్రమాదంలో ఉన్నవాటి వరసలో పెట్టింది. దాంతో బజారులో కల్తీ ఎక్కువ. నమ్మకమైన మందు కావాలంటే ఎర్రగడ్డలో బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల, విజయవాడలో నోరి రామశాస్త్రి కళాశాల ఉన్నాయి. అక్కడి ఓపీకి వెళ్లి రిపోర్టులన్నీ చూపించి అడగండి.

డాలస్_పద్దు
పసుపు గురించి ఎవరూ రాయలేదేం? ఇక్కడ మా ఆఫీసులో సగంమంది మోకాళ్లకి కర్‌క్యుమిన్ బిళ్లలు మింగుతున్నారు. అమ్మకి అవి పంపమంటావా?

మందులషాపు_మూర్తి
పసుపుకి కొంత ఆధారం ఉంది, మోకాలి అరుగుదలలో నొప్పి కాస్త తగ్గిందని చిన్న చిన్న పరిశోధనలు చాలానే వచ్చాయి. కానీ లెక్క చూడండి. వంటింటి పసుపులో కర్‌క్యుమిన్ మోటుగా 3 శాతం. అరచెంచా పసుపులో 45 మిల్లీగ్రాములు ఉంటే గొప్ప. పరిశోధనల్లో రోజుకి 500, 1000, ఇంకా పైన ఇస్తారు. పైగా అది రక్తంలోకి సరిగా ఎక్కదు. 1998లో మన దేశంలోనే చేసిన ప్రయోగంలో మిరియాల్లోని పైపరిన్ కలిపితే 20 రెట్లు ఎక్కువ ఎక్కిందని తేలింది. అందుకే బిళ్లల్లో మిరియాల సారం కలుపుతున్నారు. చిక్కు అక్కడే ఉంది. ఎక్కువ ఎక్కితే మంచితోపాటు చెడూ ఎక్కుతుంది. అలాంటి బిళ్లలతో లివర్ దెబ్బతిన్న కేసులు ఇటలీలో, మీ అమెరికాలో వచ్చాయి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు అడగకుండా వేసుకోకూడదు. పాలలో, కూరలో పసుపుకి ఏ భయమూ లేదు. బిళ్లలు మాత్రం పంపకండి. ఆ అమ్మకి ఏ మందు రాస్తారో ఇంకా తెలియదు.

సిక్కోలు_సీను
అంటే ఆకులూ వద్దు, పసుపూ వద్దు, గుగ్గులూ వద్దు. మరి మిగిలిందేంటి?

పచ్చడి_ప్రియ
నల్లేరు మిగిలింది! @సిక్కోలు_సీను తమ్ముడూ, పచ్చడికి ఎవరూ అడ్డు చెప్పలేదు ఇంకా, చెప్పేలోపే రాసేస్తాను.

నల్లేరు కాడలు లేతవి తీసుకోవాలి, చివరి రెండు మూడు కణుపులే. ముదురువి నారే. చేతులకి ముందు నువ్వుల నూనె బాగా రాసుకోవాలి, లేకపోతే దురద. కాడ నాలుగు పలకలుగా ఉంటుంది కదా, ఆ నాలుగు అంచుల నారా చిక్కుడుకాయకి తీసినట్టు తీసేయాలి. కణుపులు కోసి పారేయాలి. మిగిలిన ముక్కల్ని నువ్వుల నూనెలో బాగా వేయించాలి. ఆకుపచ్చ పోయి గోధుమరంగుకి తిరిగేదాకా దించొద్దు. పచ్చివాసన ఉంటే గొంతు గీరుతుంది. వేరేగా ఎండుమిర్చి, మినప్పప్పు, ధనియాలు, జీలకర్ర వేయించుకుని చింతపండు, వెల్లుల్లి, ఉప్పు, చిన్న బెల్లంముక్క వేసి రోట్లో రుబ్బడమే. చింతపండు తగ్గించకండి, దురద విరిచేది అదే. వేడన్నం, నెయ్యి, ఈ పచ్చడి ఉంటే ఇంక కూర అడగరు.

మందులషాపు_మూర్తి
నోరూరించారు. పచ్చడిగా వారానికి ఒకటి రెండుసార్లు తింటే నాకూ అభ్యంతరం లేదు. ఆ దురదకి కారణం అందులోని క్యాల్షియం ఆక్సలేట్ సూదులు. కాబట్టి కిడ్నీలో రాళ్లున్నవాళ్లు జాగ్రత్త. ఇంకోటి, విరిగిన ఎముక అతకడానికి నల్లేరు వాడటం పాత అలవాటే, దాని మీద పరిశోధనలూ జరిగాయి. రుమటాయిడ్‌ని ఆపుతుందని మాత్రం ఎవరూ చూపించలేదు.

తణుకు_అమ్మాయి
ప్రియ గారూ, మేనత్త చేసేది అచ్చం ఇలాగే. అయితే పచ్చడి ఉంచేస్తాను. పారిజాతం కషాయం?

ఆయుర్వేద_ఓరుగల్లు
పారిజాతం ఆకు నడుం నుంచి కాలిలోకి లాగే నొప్పికి వాడతాం, గృధ్రసి అంటాం. చేదుగా ఉంటుంది, ఖాళీ కడుపున తాగితే వికారం రావచ్చు. మీ అమ్మగారికి ఇప్పుడున్న పరిస్థితిలో ఆపేయండి. లోపలికి వెళ్లేవి ఎన్ని తగ్గిస్తే డాక్టర్‌కి ఏది ఏం చేస్తోందో అంత తేలిగ్గా తెలుస్తుంది.

ఇంకో రెండు మాటలు, ఇక్కడ చదివే అందరికీ. ఒకటి తిప్పతీగ. కోవిడ్ రోజుల్లో ఇమ్యూనిటీ అని అందరూ తాగారు. 2021లో ముంబై లివర్ డాక్టర్లు దానితో కామెర్లు వచ్చిన కేసులు ప్రచురించారు, వాళ్లలో కొందరికి ముందే ఆటోఇమ్యూన్ ధోరణి ఉంది. రక్షణ వ్యవస్థే తిరగబడిన జబ్బులో దాన్ని ఇంకా రెచ్చగొట్టేది ఎందుకు? రెండోది ఈశ్వరి వేరు, గాడిదగడపాకు. పల్లెల్లో నొప్పులకీ, విషాలకీ వాడతారు. అందులోని అరిస్టొలోకిక్ ఆమ్లం కిడ్నీలని శాశ్వతంగా పాడుచేస్తుంది, క్యాన్సర్ కూడా తెస్తుంది. అది లోపలికి తీసుకోవద్దు, ఎవరు చెప్పినా సరే.

చార్మినార్_చాయ్
వాతరక్తం మాట వచ్చింది కాబట్టి మా వైపు సంగతి కూడా. యునానీలో కీళ్ల నొప్పుల్ని వజా ఉల్ మఫాసిల్ అంటారు, దానికి పెద్ద మందు సూరంజాన్. మాజూన్ సూరంజాన్ పాతబస్తీలో చాలా ఇళ్లలో తెలిసిన మందే. మా అబ్బాజాన్‌కి బొటనవేలు వాచినప్పుడు చార్మినార్ పక్కన నిజామియా జనరల్ హాస్పిటల్‌లో చూపించేవాళ్లం. అక్కడి హకీం సాబ్ ఒకటే మాట చెప్పేవారు, సూరంజాన్‌లో తీపిది, చేదుది అని రెండు రకాలు, లోపలికి ఇచ్చేది తీపిదే, అదీ తూకం ప్రకారం. చేదుది పైపూతకే.

మందులషాపు_మూర్తి
చాయ్ భాయ్ మంచి మాట ఎత్తారు. సూరంజాన్ జాతి మొక్కల్లోదే కాల్చిసిన్. గౌట్ (యూరిక్ యాసిడ్) నొప్పికి ఇవాళ అల్లోపతిలో రాసే బిళ్ల అదే. అంటే మూలికల్లో నిజంగా పనిచేసేవి ఉన్నాయి, కాదనడం లేదు. మన పొదల్లో పెరిగే అగ్నిశిఖ దుంపలోనూ అదే ఉంటుంది. ఎర్రగా పసుపుగా మంటలా పూస్తుంది చూడండి, అది. కానీ పనిచేసే మోతాదుకీ చంపే మోతాదుకీ మధ్య తేడా చాలా తక్కువ. దుంపలో ఎంతుందో చూసి చెప్పలేం. వాంతులు, విరేచనాలు మొదలయ్యాయంటే విషం ఎక్కుతోందని అర్థం. బిళ్లలో కొలత ఉంటుంది, దుంపలో ఉండదు. యూట్యూబ్ చూసి తవ్వుకోకండి.

కనిగిరి_కుర్రోడు
మా వైపు సంగతి ఎవరూ చెప్పలేదు. మా కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతంలో నడుం వంగిపోయి, మెడ తిరక్క, మోకాళ్లు సాగక ఉన్నవాళ్లకి చాలామంది ఆకులూ నూనెలూ రాస్తూనే ఉంటారు. అది నీళ్లలో ఫ్లోరైడ్. మన దేశంలో ఫ్లోరోసిస్ మొదట గుర్తించింది 1937లో మా ప్రాంతంలోనే, అప్పుడు నెల్లూరు జిల్లా. నల్గొండ మర్రిగూడ వైపూ ఇదే బాధ. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లకీ ఎముకలకీ పట్టేస్తుంది. ఏ కషాయం తాగినా ఆ కషాయం కాచేది ఆ బోరు నీళ్లతోనే కదా! మా వైపువాళ్లు ఎవరైనా చదువుతుంటే మందు సంగతి తర్వాత, ముందు తాగే నీళ్లు పరీక్ష చేయించండి.

బెజవాడ_బాబాయ్
కనిగిరి తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఉద్యోగరీత్యా పొదిలిలో ఉన్నాను, చిన్న వయసువాళ్లు కర్ర పట్టుకుని నడవడం చూశాను.

ఓరుగల్లు డాక్టరు గారూ, నాలాంటి అరుగుదల బాపతుకి మూలికల్లో ఏమన్నా గట్టి ఆధారం ఉన్నది ఉందా?

ఆయుర్వేద_ఓరుగల్లు
శల్లకి ఉంది బాబాయ్ గారూ, బాస్వెల్లియా సెరాటా. మన అడవుల్లో అండుగు చెట్టు అంటారు, దాని బంక. 2003లో నాగపూర్ డాక్టర్లు 30 మంది మోకాలి అరుగుదల రోగుల మీద చూసి నొప్పి, వాపు తగ్గాయని రాశారు. 2008లో మన ఏలూరు మెడికల్ కాలేజీలో 75 మంది మీద 90 రోజులు చేసిన అధ్యయనమూ ఉంది. ఆ సారం తయారుచేసింది విజయవాడ కంపెనీయే, కాబట్టి ఫలితాన్ని కాస్త ఆచితూచి చదవాలి. సంఖ్యలు చిన్నవి. అయినా మిగతా మూలికలతో పోలిస్తే దీనికి బలం ఎక్కువ. నొప్పి కాస్త తగ్గిస్తుంది, అరిగిన మృదులాస్థిని తిరిగి మొలిపిస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

కడప_కారం
మిరపకాయ పూత కూడా రాయండి. మా నాయనకు తర్వాత చూసిన డాక్టర్ క్యాప్సైసిన్ క్రీమ్ రాసినాడు, మిరపలో మంట పుట్టించేది అదే. మొదట్లో భగభగ మండుతుంది, పూసుకుంటూ పోతే నొప్పి తెలిపే నరాలు మొద్దుబారతాయంట.

మందులషాపు_మూర్తి
అవును, అమెరికా రుమటాలజీ సంఘం 2019 మార్గదర్శకాల్లో మోకాలి అరుగుదలకి దాన్ని పెట్టారు. నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ మందు పూతకి ఇంకా గట్టి సిఫారసు ఉంది. పూశాక చేతులు సబ్బుతో కడగాలి, కళ్లు తాకకూడదు. ఇంట్లో మిరపకాయలు నూరి పట్టు వేయొద్దు, బొబ్బలు వస్తాయి. సీను తమ్ముడి జిల్లేడుకీ ఇదే హెచ్చరిక. ఆకు వెచ్చచేసి కట్టుకోవచ్చు కానీ పాలు కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది.

సిక్కోలు_సీను
తాత కూడా పాలు కారిపోయేదాకా ఆకు నీడన వదిలేసేవాడు. మాకు అందనిచ్చేవాడు కాదు. మీరు చెప్పాక ఎందుకో తెలిసింది.

ఫిజియో_లత
అరుగుదల ఉన్న అందరికీ ఒక మాట. నూనె, ఆకు, బిళ్ల ఏది వాడినా తొడ ముందు కండ బలపడకపోతే మోకాలు నిలవదు. కుర్చీలో కూర్చుని ఒక కాలు ముందుకి చాచి, పాదం మీ వైపు వంచి, ఐదు లెక్కపెట్టి దించండి. పదేసి సార్లు, రెండు కాళ్లకీ, పొద్దున సాయంత్రం. నొప్పి విపరీతం కాకుండా. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే నడిచే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది, కొలిచి చూసిన లెక్క ఇది. బాబాయ్ గారూ, మీ కాపడం అయిన వెంటనే ఈ వ్యాయామం చేయండి, కీలు వెచ్చగా ఉన్నప్పుడు బాగా కదులుతుంది.

బెజవాడ_బాబాయ్
ఇవాళే మొదలు. మా ఆవిడ చేత లెక్క పెట్టిస్తాను, ఆవిడైతే నన్ను వదలదు.

తణుకు_అమ్మాయి
అమ్మని హైదరాబాద్ తీసుకొచ్చాం, రుమటాలజిస్ట్ చూశారు. యాంటీ సీసీపీ బాగా ఎక్కువ వచ్చింది, రుమటాయిడ్ అనే చెప్పారు. ఎక్స్‌రేలో ఎముక ఇంకా పెద్దగా దెబ్బతినలేదట, తొందరగా వచ్చారన్నారు. పొట్లాలు చూసి మూర్తి గారి మాటే అన్నారు. షుగర్ కూడా పెరిగి ఉంది. స్టెరాయిడ్ కొలతగా రాసి, వారాల మీద తగ్గిస్తూ ఆపేస్తానన్నారు. రుమటాయిడ్‌ని అదుపు చేసే మెథోట్రెక్సేట్, దానితోపాటు ఫోలిక్ యాసిడ్ రాశారు. ఫలితం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుందట. కషాయం, గుగ్గులు ఆపమన్నారు. పచ్చడి తినొచ్చు, ఇసుక కాపడం గోరువెచ్చగా పెట్టుకోవచ్చు అన్నారు. అమ్మ ఒప్పుకుంది, కానీ 'రెండు నెలలా, ఆ పొడి రెండు రోజుల్లో తగ్గించింది కదా' అని నాన్నతో అంటోంది.

కడప_కారం
మా నాయన సంగతి చదివి వినిపించు చెల్లీ. అవసరమైతే మా అమ్మ చేత ఫోన్ చేయిస్తా, ఇద్దరూ మాట్లాడుకుంటే ఆమెకు ధైర్యం వస్తుంది.

తణుకు_అమ్మాయి
తప్పకుండా అన్నా. నంబరు మెసేజ్‌లో పంపు.

మందులషాపు_మూర్తి
మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణాంతకం, అలాంటి పొరపాట్లు జరుగుతూనే ఉన్నాయి. వారం పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో స్ట్రిప్ మీద రాయించండి, మిగతా మందుల డబ్బాలో కలపకండి. ఫోలిక్ యాసిడ్ పసుపురంగు బిళ్ల, మెథోట్రెక్సేట్ కూడా పసుపుగానే ఉండొచ్చు, తారుమారు కాకుండా వేరే డబ్బాలో పెట్టండి. లివర్, రక్తకణాల పరీక్షలు డాక్టర్ చెప్పిన తేదీకి చేయించండి. జ్వరం, నోట్లో పుళ్లు, ఆగని దగ్గు, ఆయాసం వస్తే తర్వాతి మోతాదు వేయకుండా ఫోన్ చేయాలి. ఇంట్లో ఎవరైనా కొత్త ఆకు, కొత్త బిళ్ల తెస్తే ముందు డాక్టర్‌ని అడగాలి, ఇది మావయ్యకి కూడా చెప్పండి.

తణుకు_అమ్మాయి
ఆదివారం పెట్టుకున్నాం, నేను ఫోన్ చేసి గుర్తుచేసే రోజు అదే. నాన్న డబ్బా మీద స్కెచ్ పెన్‌తో రాశారు.

డాలస్_పద్దు
అత్తగారి పొట్లాలు దొరికాయి. అన్నీ తీసి వేరే పెట్టేశాను, రేపు డాక్టర్ అపాయింట్‌మెంట్. ఇంకా మొదలుపెట్టలేదట, ఊపిరి పీల్చుకున్నాం.

పచ్చడి_ప్రియ
పద్దూ, ఆవిడకి నల్లేరు పంపమంటే ఎండబెట్టిన వడియాలు ఉన్నాయి, వచ్చేవాళ్లతో ఇస్తాను.

మందులషాపు_మూర్తి
కస్టమ్స్‌లో మొక్క ముక్కలకి పేచీ పెడతారమ్మా, ముందు కనుక్కుని పంపండి.

గుంటూరు_గోపి
మధ్యలో వస్తున్నాను, ఇదంతా ఇప్పుడే చదివాను. నాకు 34, పొద్దున మంచం దిగగానే మడమ గుచ్చుతుంది, నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది. మా అమ్మ జిల్లేడాకు మీద వేడి ఇటుక పెట్టి తొక్కమంటోంది. పెట్టొచ్చా?

ఫిజియో_లత
గోపీ, కొత్త చర్చ తెరవండి, ఇక్కడైతే కలిసిపోతుంది. బరువెంత, రోజంతా నిలబడే పనా, ఏ చెప్పులు వేసుకుంటారు, నడుం కూడా పొద్దున పట్టేస్తుందా, ఇవన్నీ రాయండి. నడుం సంగతి మర్చిపోవద్దు. ఇటుక ఈలోగా పక్కన పెట్టండి.